నక్షత్రమా, దుమ్మా: ఒక పాత సైన్స్ ఫిక్షన్ చిత్రాన్ని హై డెఫినిషన్‌కు తెచ్చిన క్రమం

ఈ కేస్ స్టడీ 1980ల చివర తెలుగులో తీసిన ఒక అంతరిక్ష కథా చిత్రాన్ని హై డెఫినిషన్ గృహ విడుదలకు పునరుద్ధరించిన పనికి సంబంధించినది. హక్కుదారులతో చేసుకున్న ఒప్పందం మేరకు చిత్రం పేరు గానీ, అందులో పని చేసినవారి పేర్లు గానీ ఇవ్వడం లేదు. చిత్రం 35 ఎం.ఎం. సినిమాస్కోప్‌లో, మోనో ధ్వనితో తయారైంది. నిడివి సుమారు 13,500 అడుగులు, 15 రీళ్లు, తెర మీద రెండున్నర గంటలు. వెట్ గేట్ (ఫిల్మును ద్రవంలో ఉంచి దాని మీది గీతలు కనబడకుండా చేసే ఏర్పాటు) సౌకర్యం ఉన్న ఒక ల్యాబ్‌లో స్కానింగ్ చేయించి, శుభ్రపరచడం, రంగుల దిద్దుబాటు, ధ్వని, తుది మాస్టర్ల తయారీ హైదరాబాద్‌లో, యూసుఫ్‌గూడలోని మా స్టూడియోలో పూర్తి చేశాం.

ఒక కుటుంబ కథా చిత్రాన్ని బాగు చేసేటప్పుడు తెర మీద ఏది బొమ్మ, ఏది దెబ్బ అన్న విషయంలో పెద్దగా సందేహం రాదు. హీరోయిన్ చెంప మీద ఒక్క ఫ్రేమ్ పాటు తెల్లచుక్క కనబడితే అది దుమ్మే. సైన్స్ ఫిక్షన్ చిత్రంలో ఆ భరోసా ఉండదు. నల్లటి ఆకాశంలో తెల్లచుక్కలు, రాలే నిప్పురవ్వలు, ఒక్క ఫ్రేమ్ పాటు మెరిసి మాయమయ్యే వెలుగు, ఆగకుండా వణికే దీపం, యంత్రపు హోరు – కథకు ప్రాణమైన ఇవన్నీ శుభ్రపరిచే సాఫ్ట్‌వేర్ లెక్కలో దుమ్ము, గీతలు, ఫ్లికర్ (వెలుతురులో హెచ్చుతగ్గులు), కరెంటు రొదల కిందకే వస్తాయి. అందువల్ల ఏ ట్రిక్ షాట్‌ను ఎలా తీశారో నిర్ధారణ చేసుకోకుండా దాని మీద ఆటోమేటిక్ క్లీనింగ్ నడపకూడదన్న నియమాన్ని మొదటి రోజే పెట్టుకున్నాం. ఈ పనిలో సమయమూ ఖర్చూ ఎక్కువగా వెళ్లింది ఆ నియమాన్ని పాటించడానికే.

చేతికి వచ్చిన సరుకు

ఆ కాలపు తెలుగు చిత్రాల్లో చాలావాటి మాదిరిగానే దీని ల్యాబ్ పని కూడా చెన్నైలో జరిగింది. నెగటివ్ అక్కడే ఏళ్ల తరబడి ఉండి, తర్వాత హైదరాబాద్‌లో రేకుల కప్పు ఉన్న ఒక గోదాముకు చేరింది. మాకు అందినవి 14 రీళ్ల అసలు నెగటివ్, సౌండ్ నెగటివ్, ఒక పాత థియేటర్ ప్రింటు, శాటిలైట్ ప్రసారం కోసం ఎప్పుడో చేయించిన ఒక వీడియో టేపు. 11వ రీలు నెగటివ్ ఎక్కడ పోయిందో చెప్పగలిగినవారు ఎవరూ దొరకలేదు.

రెండు డబ్బాల మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమంది. ఫిల్ముకు ఆధారమైన అసిటేట్ వేడికీ తేమకీ విడిపోతూ ఎసిటిక్ యాసిడ్‌ను విడుదల చేస్తుంది. ఆ యాసిడ్ మళ్లీ అదే విఘటనను వేగవంతం చేస్తుంది. వాసన వచ్చే డబ్బాలను మిగతావాటి నుంచి వెంటనే వేరు చేయాలి, ఎందుకంటే ఆవిరి పక్క రీళ్లను కూడా చెడగొడుతుంది. యాసిడ్ స్థాయిని రంగు మారే కాగితపు పట్టీలతో కొలిచి, కుంచించుకుపోయిన ఆ రెండు రీళ్లను పళ్ల చక్రాలు లేని స్కానర్ మీదే నడపాలని నిర్ణయించాం.

నెగటివ్ ఒంటి మీద ఇంకో రకం గాయాలు కూడా ఉన్నాయి. మన దేశంలో థియేటర్ ప్రింట్లను చాలాకాలం అసలు నెగటివ్ నుంచే నేరుగా తీసేవారు. మధ్యలో డూప్ నెగటివ్ (నెగటివ్‌కు నకలు) చేయించుకునే ఖర్చును నిర్మాతలు తప్పించుకునేవారు. సినిమా ఎంత బాగా ఆడితే నెగటివ్ అంత ఎక్కువసార్లు ప్రింటింగ్ యంత్రంలోంచి వెళ్లేది. మా రీళ్లలో పాటలున్న రీళ్ల పరిస్థితి అన్నిటికంటే అధ్వానంగా ఉండడం గమనించాం.

బెంచి మీద పరిశీలన

స్కానింగుకు పంపే ముందు ప్రతి రీలునూ లైట్ టేబుల్ మీద చేతితో తిప్పి చూశాం. 2019 డిసెంబరులో పాత సినిమాలను భద్రపరిచే సంస్థ ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ అన్నపూర్ణ స్టూడియోస్‌లో నిర్వహించిన వర్క్‌షాప్ తర్వాత హైదరాబాద్‌లో ఈ అలవాటు కొందరికైనా పట్టుబడింది. అంతకుముందు ఇక్కడ చాలామంది డబ్బా తెరిచిన వెంటనే స్కానర్‌కు ఎక్కించేవారు. ఈ చిత్రం విషయంలో బెంచి పరిశీలన వల్ల కలిగిన పెద్ద ప్రయోజనం ట్రిక్ షాట్ల పట్టిక. రెండు మూడు దృశ్యాలను ఆప్టికల్ ప్రింటర్ (ఒక ఫిల్ము మీది బొమ్మను మరో ఫిల్ము మీదకు తిరిగి తీసే యంత్రం) మీద కలిపి తీసిన షాట్లు కెమెరా నెగటివ్‌లో ఉండవు. వాటి డూప్ ముక్కలను నెగటివ్ మధ్యలో అతికిస్తారు. ఆ ముక్కల అంచున ఉండే అక్షరాలూ గుర్తులూ పక్క షాట్ల అంచు గుర్తులకు భిన్నంగా ఉంటాయి కనుక, అతుకు నుంచి అతుకు వరకు ఏ షాట్ డూప్‌దో తెర మీద బొమ్మ చూడకుండానే తేల్చవచ్చు.

ఆ పట్టికలో మూడు తరగతులు తేలాయి. కెమెరాలోనే మాస్క్ పెట్టి, ఫిల్మును వెనక్కి తిప్పి రెండోసారి ఎక్స్‌పోజ్ చేసిన షాట్లు మొదటి తరగతి. ఆప్టికల్ ప్రింటర్ మీద కూర్చినవి రెండోది. తీగలకు వేలాడదీసిన మినియేచర్ (చిన్న నమూనా) నౌకను మామూలుగా చిత్రీకరించినవి మూడోది. ఒక్కో తరగతిలో లోపాలు ఒక్కో తీరుగా ఉంటాయి.

స్కాన్ 4096×3112 పిక్సెళ్ల 10 బిట్ లాగ్ ఫైళ్లుగా (చీకటి, వెలుతురు వివరాలు రెండూ నిలిచే రూపంలో) వచ్చింది. ఒక ఫ్రేమ్ దాదాపు 51 మెగాబైట్లు, మొత్తం 2,16,000 ఫ్రేములకు సుమారు 11 టెరాబైట్లు. విడుదల 1920×1080లో ఉన్నప్పుడు, అందులోనూ స్కోప్ బొమ్మకు దక్కేది 817 పిక్సెళ్ల ఎత్తు మాత్రమే అయినప్పుడు, 4కే ఎందుకని నిర్మాత కుటుంబం అడిగింది. చిన్న నక్షత్రం హై డెఫినిషన్‌లో ఒకటి రెండు పిక్సెళ్లకు మించదు. ఆ పరిమాణంలో దాని ఆకారం తెలియదు, ఆకారం తెలియకపోతే దాన్ని దుమ్ము నుంచి వేరు చేయలేం.

నక్షత్రాల షాట్లు

నెగటివ్ మీద పడిన దుమ్ము కాంతిని అడ్డుకుంటుంది. బొమ్మను పాజిటివ్‌గా మార్చినప్పుడు ఆ చోటు తెల్లచుక్కగా కనబడుతుంది. డూప్ తీయడానికి వాడిన పాజిటివ్ మీద దుమ్ము ఉంటే అది తుది బొమ్మలో నల్లచుక్క అవుతుంది. నల్లచుక్కలతో ఆకాశంలో ఇబ్బంది లేదు. తెల్లవాటితోనే అసలు పేచీ. నౌక ఎడమ నుంచి కుడికి సాగే ఒక షాట్‌ను పరీక్ష కోసం మామూలు సెట్టింగుల్లో నడిపి చూస్తే, సాఫ్ట్‌వేర్ ఆకాశంలో మూడో వంతు నక్షత్రాలను తుడిచేసి, కెమెరా కదిలిన చోట మిగతావాటిని మినుకు మినుకుమనేలా చేసింది. దుమ్ము మాత్రం ఒక్కటీ మిగల్లేదు కాబట్టి, సాఫ్ట్‌వేర్ నివేదిక ప్రకారం పని దివ్యంగా జరిగినట్టే.

ఏది నక్షత్రమో తేల్చడానికి మూడు పరీక్షలు కలిపి వాడాం. మొదటిది ఇన్‌ఫ్రారెడ్ పొర. రంగుల ఫిల్ములోని రంగు పదార్థాలు ఇన్‌ఫ్రారెడ్‌ను అడ్డుకోవు, దుమ్మూ గీతలూ అడ్డుకుంటాయి. ఇప్పుడు నెగటివ్ మీద ఉన్న దుమ్ము ఆ పొరలో స్పష్టంగా కనబడుతుంది, దాన్ని నిశ్చింతగా తీసేయవచ్చు. అయితే ఆప్టికల్ ప్రింటింగ్ సమయంలో పడి, బొమ్మలో భాగంగా అచ్చయిపోయిన దుమ్ము అందులో కనబడదు.

రెండోది కదలిక. నక్షత్రం వరుస ఫ్రేములలో ఉంటుంది, దుమ్ము సాధారణంగా ఒక్క ఫ్రేమ్‌లోనే ఉంటుంది. ఇది నిజమే గానీ, నెగటివ్ నుంచి పాజిటివ్ తీసేటప్పుడు ప్రింటర్ గేటుకు (ఫిల్ము నిలబడే కిటికీకి) అంటుకున్న ఒక నలుసు షాట్ పొడవునా కదలకుండా ఉండిపోయి అచ్చం నక్షత్రంలా నటిస్తుంది. దాన్ని పట్టుకోవడానికి ఒక ఆధారం ఉంది. మూల ఫిల్ము కెమెరాలో కొద్దిగా ఊగుతూ నడుస్తుంది కనుక అసలైన నక్షత్రాలన్నీ ఫ్రేమ్ అంచుతో పోలిస్తే ఒకే తీరుగా, పిక్సెల్‌లో కొంత భాగం మేరకు ఊగుతాయి; గేటులోని నలుసు అంచుతో పాటు స్థిరంగా నిలబడుతుంది. ఒక షాట్‌లో అన్నిటికంటే ప్రకాశవంతమైన నక్షత్రం ఈ పరీక్షలో నలుసుగా తేలింది. దాన్ని తీసేయాలా అన్న చర్చ చాలాసేపు నడిచింది. విడుదలైన ప్రింట్లన్నిటిలో అది ఉంది, ప్రేక్షకులు దాన్ని నక్షత్రంగానే చూశారు, ఉంచేశాం. ఈ నిర్ణయంతో ఏకీభవించనివారు మా గదిలోనే ఉన్నారు.

మూడోది ఆకారం. సినిమాస్కోప్ కటకం దృశ్యాన్ని అడ్డంగా సగానికి నొక్కి ఫిల్ము మీద వేస్తుంది. ప్రదర్శనలో దాన్ని మళ్లీ వెడల్పు చేస్తారు. కటకంలోంచి వచ్చిన నక్షత్రం ఫిల్ము మీద అడ్డంగా నొక్కుకుపోయి, వెడల్పు చేశాక గుండ్రంగా వస్తుంది. కటకంతో సంబంధం లేకుండా ఫిల్ము మీద పడిన దుమ్ము వెడల్పు చేశాక అడ్డంగా సాగుతుంది. నల్లరేకుకు చిల్లులు పెట్టి వెనక దీపాలు వెలిగించి చేసిన ఆకాశం కనుక పెద్ద నక్షత్రాలన్నీ చక్కని గుండ్రని బొట్లు. అడ్డంగా సాగిన చుక్క కనబడితే అది దుమ్మేనని కళ్లు మూసుకుని చెప్పగలిగే స్థితికి మా కుర్రాళ్లు వచ్చారు. మరీ చిన్న చుక్కల మీద మాత్రం ఈ పరీక్ష పని చేయదు. అక్కడ గ్రెయిన్ (ఫిల్ములో సహజంగా ఉండే రేణువుల తీరు), కాంతి వ్యాపనమే ఆకారాన్ని నిర్ణయిస్తాయి. అలాంటి చోట్ల ఫ్రేమ్ ఫ్రేముకూ చేతితో చూడడం తప్ప మార్గం లేదు.

ఇద్దరు హీరోలున్న షాట్లు

కథలో హీరోకు అచ్చం అతనిలాంటి యంత్రమానవుడు ఎదురవుతాడు. ఆ షాట్లను తెలుగు ట్రిక్ ఫొటోగ్రఫీ పాత పద్ధతిలో, ఫ్రేమ్‌లో సగానికి మాస్క్ వేసి, ఫిల్మును వెనక్కి తిప్పి రెండో సగాన్ని తీశారు. డూప్ అవసరం లేదు కనుక గ్రెయిన్ మిగతా చిత్రంతో సమానంగా ఉంటుంది, బొమ్మ నాణ్యత బాగుంటుంది. చిక్కంతా స్థిరీకరణలో వచ్చింది. రెండు ఎక్స్‌పోజర్లలో ఫిల్ము రెండు విధాలుగా ఊగింది కాబట్టి, ఎడమ సగాన్ని ఆధారంగా తీసుకుని ఫ్రేమ్‌ను నిలబెడితే కుడి సగంలోని హీరో గోడతో సహా వణికిపోయాడు. వెనకున్న స్తంభం అంచు వెంట రెండు సగాలనూ విడదీసి, దేనికది విడిగా నిలబెట్టి, మళ్లీ కలపాల్సి వచ్చింది. అంతా అయ్యాక కలిపిన గీత పూర్తిగా మాయమైతే బాగుండదనిపించి, ప్రింటులో కనబడినంత లేత నీడను అలాగే వదిలేశాం.

ప్రయోగశాల: నిప్పురవ్వలు, మెరుపు, వణికే దీపం

ప్రయోగశాల దృశ్యాల్లో యంత్రం పని చేసినప్పుడల్లా ఒక్క ఫ్రేమ్ పూర్తిగా తెల్లబడుతుంది. అది ల్యాబ్‌లో వెలుతురు తగిలి పాడైన ఫ్రేమా, కావాలని పెట్టినదా అన్న సందేహం మాలో చాలామందికి వచ్చింది. ఆ చిత్రానికి ఆప్టికల్ విభాగంలో సహాయకుడిగా చేసిన ఒక పెద్దాయన కృష్ణానగర్‌లో ఉన్నారని తెలిసి, స్టూడియోకు పిలిపించి ఆ రీలు వేసి చూపించాం.

“మాస్టారూ, ఈ తెల్ల ఫ్రేమ్ తీసేయమంటారా?” అని అడిగితే ఆయన నవ్వారు.

“అది పెట్టింది మేమే బాబూ. తీసేస్తే ఆ యంత్రం ఏం చేసినట్టు? ఆ రవ్వలూ మావే. నల్లగుడ్డ ముందు సానరాయి తిప్పి తీశాం, చేతులు కాలాయి కూడా.”

ఆయన మాటల్లో మరో విషయం బయటపడింది. యంత్రం చుట్టూ వణికే నీలి వెలుగు కోసం ఒక మనిషి డిమ్మర్‌ను చేత్తో ఊపుతూ ఉండేవాడట. ఫ్లికర్ తగ్గించే పనిముట్టు ఆ ఊపునంతా చదును చేసి, యంత్రాన్ని ఫ్రిజ్జులా చల్లబరిచేది. అదే రీలులో ఫిల్ము పాడవడం వల్ల వచ్చిన నిజమైన ఫ్లికర్ కూడా ఉంది కాబట్టి రెండిటినీ విడదీయాల్సి వచ్చింది. ఫిల్ము పాడై వచ్చే వెలుతురు మార్పు ఫ్రేమ్ అంతటా, అంచుల దాకా పాకుతుంది. దీపం వణుకు ఆ దీపం వెలిగించిన వస్తువుల మీదే ఉంటుంది, బల్ల కింది నీడలో ఏ మార్పూ రాదు. ఆ నీడనే కొలమానంగా పెట్టుకుని సరిచేశాం.

తీగలు

మినియేచర్ నౌక వేలాడే తీగలు 4కే స్కాన్‌లో బట్టలారేసే తాడంత స్పష్టంగా కనబడ్డాయి. వాటిని చూడగానే నిర్మాత వారసుల్లో చిన్నవారు నౌకనే కొత్తగా గ్రాఫిక్స్‌లో చేయిద్దామన్నారు. విదేశాల్లో ‘స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్’ను 2012 నుంచి బ్లూ-రేకు తెచ్చినప్పుడు ఎఫెక్టులన్నీ మళ్లీ కూర్చారు కదా అన్నది వారి వాదన. అక్కడి కారణం వేరు. ఆ సీరియల్ ఎఫెక్టులను అప్పట్లో వీడియో టేపు మీద పూర్తి చేశారు, ఆ టేపులో హై డెఫినిషన్‌కు సరిపడే వివరం లేదు. విడివిడి ఫిల్ము ముక్కలు భద్రంగా ఉన్నందువల్ల వాటిని స్కాన్ చేసి తిరిగి కలపగలిగారు. మన చిత్రంలో కూర్పు ఫిల్ము మీదే జరిగింది. విడి ముక్కలు మిగల్లేదు. కొత్తగా చేయాలంటే వేరే నౌకను తయారు చేయడమే, అది పునరుద్ధరణ అనిపించుకోదు. ఈ మాట గట్టిగానే చెప్పాం, పెద్దవారు ఒప్పుకున్నారు.

తీగలు కనబడడానికి సగం కారణం రంగుల దిద్దుబాటులోనే ఉందని తర్వాత తేలింది. పాత శాటిలైట్ టేపులో చీకట్లను అనవసరంగా వెలుతురు చేశారు. మా రంగుల దిద్దుబాటు మొదటి ప్రతి కూడా తెలియకుండా దాని దారినే నడిచింది. థియేటర్ ప్రింటులో వెలిసిపోని కొన్ని చోట్లను ఆధారంగా తీసుకుని రాత్రి ఆకాశాన్ని అసలు నలుపుకు దించగానే చాలా షాట్లలో తీగలు వాటంతట అవే మాయమయ్యాయి. ఎందుకంటే చిత్రీకరణలోనే వాటికి నల్లరంగు పూసి, నల్ల నేపథ్యానికి కలిసిపోయేలా చూసుకున్నారు. పగటి ఆకాశం ముందు తీసిన కొన్ని షాట్లలో మాత్రం మిగిలాయి. వాటిని తుడవకుండా, ప్రింటు తెర మీద చూపినంత మేరకు మసకబరిచాం. ఆనాటి మంచి థియేటర్‌లో ప్రేక్షకుడు చూడనిదాన్ని నేటి టీవీ చూపించాల్సిన అవసరం లేదని, ఆనాడు చూసినదాన్ని దాచే హక్కు మాకు లేదని నా అభిప్రాయం.

11వ రీలు

ఈ రీలుకు ప్రింటే గతి. సయాన్ (నీలి-ఆకుపచ్చ) రంగు వెలిసిపోయి బొమ్మంతా ఎర్రబారింది. ప్రొజెక్టర్ గీతలకు తోడు ప్రింటు తీసేనాటికే నెగటివ్ మీదున్న గీతలు కూడా అందులో అచ్చయి ఉన్నాయి. వెట్ గేట్‌లోని ద్రవం ఫిల్ము ఆధారపు గీతల్లో నిండి వాటిని కనబడకుండా చేస్తుంది గానీ, అచ్చయిన గీతల మీద దాని ప్రభావం ఏమీ ఉండదు. 2008లో బ్యూనస్ ఎయిర్స్‌లో దొరికిన జర్మన్ మూకీ చిత్రం ‘మెట్రోపోలిస్’ 16 ఎం.ఎం. ప్రతితో వచ్చిన ఇబ్బంది ఇదే. 2010 పునరుద్ధరణలో ఆ భాగాలు ఇప్పటికీ గీతలతోనే కనబడతాయి. మేమూ రంగులను పక్క రీళ్లకు దగ్గరగా తెచ్చి, ముఖాల మీది గీతలను చేతితో తీసి, మిగతావాటిని ఉండనిచ్చాం. ముఖాలు మైనపు బొమ్మల్లా నున్నగా మారడం కంటే గీతలే నయం.

ధ్వని

నక్షత్రాల కథే ధ్వనిలోనూ పునరావృతమైంది. సౌండ్ నెగటివ్ నుంచి తీసిన ట్రాకులో 50 హెర్ట్జ్ కరెంటు రొద, దాని రెట్టింపైన 100 హెర్ట్జ్ స్వరం ఉన్నాయి. సింథసైజర్ మీద వాయించిన యంత్రపు హోరు కూడా సుమారుగా 100 హెర్ట్జ్ దగ్గరే ఉంది. రొదను తొలగించే ఫిల్టర్ పెడితే యంత్రం మూగబోయింది. కరెంటు రొద రీలు పొడవునా ఒకే స్థాయిలో ఉంటుంది, సింథసైజర్ స్వరం నెమ్మదిగా పైకీ కిందికీ ఊగుతుంది. కాబట్టి యంత్రం లేని నిశ్శబ్ద దృశ్యం నుంచి రొద నమూనా తీసుకుని, ఆ మేరకు మాత్రమే తగ్గించాం. 5.1 ట్రాకు అదనంగా ఇచ్చినా, మొదట వినబడేది అసలు మోనోయే ఉండాలని పట్టుబట్టాం.

రెండు మాస్టర్లు

ప్రధాన విడుదల ఓటీటీలో; విదేశాల్లోని తెలుగువారి కోసం పరిమిత సంఖ్యలో బ్లూ-రే డిస్కు. డిస్కులో వీడియోకు సెకనుకు 40 మెగాబిట్ల వరకు అవకాశం ఉంది. ఓటీటీలో హై డెఫినిషన్‌కు సాధారణంగా 10 మెగాబిట్లు కూడా దక్కవు. ఆ తక్కువ మోతాదులో మేమే కంప్రెస్ చేసి మామూలు టీవీ మీద వేసి చూస్తే, అంత శ్రమపడి నిలబెట్టిన నక్షత్రాలు మళ్లీ కనుమరుగయ్యాయి. కంప్రెషన్‌లో అప్పుడప్పుడు మొత్తం బొమ్మను దాచే పూర్తి ఫ్రేమ్ వచ్చినప్పుడల్లా ఒక్కసారి వెలిగి, మధ్యలో క్రమంగా ఆరిపోయి, మళ్లీ వెలిగేవి. డూప్ షాట్లలోని ముతక గ్రెయిన్ బిట్లన్నిటినీ మింగేయడమే ఇందుకు కారణం.

గ్రెయిన్‌ను ముట్టుకోకూడదన్నది మా వృత్తిలో దాదాపు మతం. అయినా ఓటీటీకి ఇచ్చే మాస్టర్‌లో, ట్రిక్ షాట్ల పట్టికలో ఉన్న డూప్ షాట్ల వరకే, గ్రెయిన్‌ను కెమెరా నెగటివ్ స్థాయికి తగ్గించాం. నక్షత్రాలకు మాస్క్ వేసి వాటిని ముట్టుకోలేదు. పూర్తిగా తీసేస్తే ముదురు నీలి పొగలో మెట్లు మెట్లుగా పట్టీలు పడతాయి కాబట్టి అంతకు మించి వెళ్లలేదు. డిస్కు మాస్టర్‌లో గ్రెయిన్ ఉన్నది ఉన్నట్టే ఉంది. రెండు ప్రతులకూ తేడా ఎందుకుందో ట్రిక్ షాట్ల పట్టికలోనే షాట్ల వారీగా రాసి హక్కుదారులకు అప్పగించాం.

శుభ్రం చేయని అసలు స్కాన్‌ను, పూర్తయిన ఫ్రేములను, ఆ పట్టికను ఎల్‌టీఓ (డేటాను దీర్ఘకాలం దాచే) టేపుల మీద రెండు సెట్లుగా తీసి, ఒక సెట్టును హైదరాబాద్ బయట ఉంచమని చెప్పాం. 14 రీళ్ల నెగటివ్ శీతల గిడ్డంగికి వెళ్లింది, వెనిగర్ పట్టిన రెండూ విడి అరలో. ఎర్రబారిన ప్రింటును పారేయవద్దని మాత్రం రాతపూర్వకంగా కోరాం, ఎందుకంటే 11వ రీలుకు ఇప్పటికీ అదొక్కటే మూలం.